కుముదవల్లి పార్టీ

"మీ కుముదవల్లికి ఏడవటం వచ్చా అసలు? ముక్కు చీదటం తప్ప! ఏడుపంటే మా పద్మలోచనిది. ఒక్క కంట్లోంచే కారతాయి నీళ్లు. రెండో కన్ను పొడిగా నిలబడి మొగుణ్ణి నిలదీస్తా ఉంటది," అంది నజీరా, మిరపకాయ తొడిమ పుటుక్కున తుంచి పక్కన పారేస్తూ.

"ఒంటికంటితో ఏడవటమేందే? రెండో కుళాయికి ఆ పూట నీళ్లు రాలేదా?" అంది ఎలీసమ్మ.

షెడ్డంతా గొల్లుమంది. నవ్వితే ఘాటు గొంతులోకి దిగుతుంది కాబట్టి నవ్వు వెంటే దగ్గు. దగ్గుతూనే నవ్వుతున్నారు, నవ్వుతూనే తొడిమలు తీస్తున్నారు. గుంటూరు పొలిమేరలో కోల్డ్ స్టోరేజీల వెనక ఉన్న ఆ రేకుల షెడ్డులో పొద్దున ఎక్కిన సందడి పొద్దువాలితేగానీ దిగదు. ఎర్రటి కుప్పల చుట్టూ ఆడవాళ్లు, ముక్కుకీ నోటికీ అడ్డంగా పాత చీరల పేలికలు, అరచేతులకి ఆముదం.

ఈ ముఠాలో సగంమంది కుముదవల్లి పార్టీ, సగంమంది పద్మలోచని పార్టీ. ఇద్దరూ నలుపు తెలుపు సినిమాల కాలం నటీమణులు. ఎప్పుడో పోయారు. వాళ్ల సినిమాలు ఆడిన డేరా హాళ్లూ పోయాయి. పార్టీలు మాత్రం పోలేదు. గుల్షన్ లాంటి పడుచు పిల్లలు వాళ్ల బొమ్మయినా చూడకుండానే ఏదో ఒక పార్టీలో చేరిపోయారు. చేర్పించింది ఎలీసమ్మే. రోజుకో పాత సినిమా చెబుతుంది. చెప్పడమంటే మామూలు చెప్పడమా! సినిమాలో వాన పడితే షెడ్డులో వాళ్లు కొంగు నెత్తిన కప్పుకోవాలి. హీరో ప్రభాకరమూర్తి గుర్రం దిగితే పడుచు పిల్లలు సర్దుకుని కూర్చోవాలి. విలన్ మీసం దువ్వితే అమ్మలక్కలంతా కలిసి "నీ పాడె కట్టా" అని తిట్టాలి.

దానికో కట్టుబాటు ఉంది. సినిమా చెప్పే మనిషి తొడిమ తీయక్కర్లేదు. సాయంత్రానికి సరుకంతా ఒకటే కుప్ప పోస్తారు, ఒకటే కాటా వేస్తారు, కూలి సమానంగా పంచుకుంటారు. ఎలీసమ్మ వాటా పని అందరి చేతుల మీదుగా జరిగిపోతుంది. ఎవరు పెట్టారో, ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తులేదు.

ఆ కట్టుబాటే లేకపోతే తన గతేమిటో ఎలీసమ్మ ఒక్కదానికే తెలుసు. పోయిన వానాకాలం ఓ పొద్దున లేచి నీళ్ల చెంబు అందుకోబోతే చెంబు జారి కాలి మీద పడింది. అప్పట్నుంచి కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఎంత రమ్మన్నా ఒకదానికొకటి కలవవు. ఈ పనికి కావలసింది ఆ రెండు వేళ్లే! ఎవరికీ చెప్పలేదు. చెబితే మేస్త్రీ బాలస్వామి మర్నాడు గడప తొక్కనిస్తాడా? ఇంట్లో మొగుడు మరియదాసు ఊపిరి అందక మంచం పట్టి ఉన్నాడు. ఇద్దరి గంజీ ఈ షెడ్డులోంచే రావాలి. అందుకని ఆ చేతిని పొద్దస్తమానం కాయల్లో దూర్చి, ఏరుతున్నట్టు కలియబెడుతూ కూర్చుంటుంది. నోరు నడిచినంతసేపూ చేతివంక ఎవరు చూస్తారు?

ఆ సాయంత్రం కాటా అయ్యాక బాలస్వామి గొంతు సవరించుకున్నాడు. ఎలీసమ్మది, అతనిది ఒకే చర్చి. వరసకి తమ్ముడవుతాడు. పనిలో మాత్రం వరస చూడడు.

"రేపట్నుంచి కుప్పలో పొయ్యటం లేదు. ఎవరి గంప వాళ్లదే, ఎవరి కాటా వాళ్లదే. ఎంత తీస్తే అంత కూలి. ఓనరు మాట ఇది, నా మీద పడబాకండి. మరీ తక్కువ తూగినోళ్లని మానిపించమన్నాడు."

షెడ్డులో గుసగుసలు లేచాయి.  ఎవరో ఒకరు కాదంటారని ఎలీసమ్మ చూసింది. గుల్షన్ లేచి నిలబడింది. ముఠాలో అందరికంటే చురుకైన చెయ్యి ఆమెది.

"మంచిదే కదా, మేస్త్రీ. నా చెయ్యి నడిచినట్టు ఎవరి చెయ్యి నడుస్తది? ఇన్నాళ్లూ అందరితో సమానంగానే తీసుకున్నా. ఇద్దరు పిల్లల్ని ఒక్కదాన్నే సాక్కుంటున్నా, నాకూ అవసరం ఉంటది కదా," అంది.

"మరి సినిమా?" అంది నజీరా.

"సినిమాకేముంది! నా కాడ పాటల డబ్బా ఉంది. ఫోన్లో పెడితే ఏ సినిమా అయినా మాటలతో సహా వస్తది. చూడక్కర్లా, వింటా ఉంటే చాలు. చేతులు ఆగవు." అని, ఎలీసమ్మ వైపు తిరిగి, "నీక్కూడా గొంతునొప్పి తప్పిద్ది, పెద్దమ్మా," అంది.

ఆ పిల్ల మాటలో విషం లేదు. అదే ఎలీసమ్మకి ఎక్కువ బాధేసింది. తిట్టడానికి కూడా ఏమీ దొరకలేదు.

*

డబ్బా చూడటానికి ఇంత లేదు గానీ గొంతు మాత్రం పెద్దదే. స్తంభానికి మేకు కొట్టి తగిలించారు. పొద్దున్నే పద్మలోచని సినిమా. టైటిల్స్ సంగీతం మోగగానే నజీరా పేలిక కిందికి లాగి ఈల వేసింది.

ఎలీసమ్మ ఎడంచేత్తో తీస్తోంది. పుట్టి బుద్ధెరిగిన్నాటి నుంచీ కుడిచేత్తో తప్ప తొడిమ తీసి ఎరగదు. ఎడంచేతి వేళ్లకి పట్టు చిక్కడం లేదు. గట్టిగా లాగితే కాయ చిట్లి గింజలు రాలుతున్నాయి. మెల్లగా లాగితే తొడిమ సగమే వచ్చి దాని అడుగునున్న టోపీ కాయకే ఉండిపోతోంది. టోపీ ఉన్న కాయ కాటాకి పనికిరాదు. పక్కన నజీరా వేళ్లు చూస్తే పుటుక్కు పుటుక్కుమని, ఆమె చూడకుండానే వాటంతట అవే పని చేసుకుపోతున్నాయి.

"వింటన్నావా అక్కా? ఇప్పుడొస్తది చూడు, మా పద్మలోచని మామగారిని కడిగే సీను. మీ కుముదవల్లికి ఆ గొంతేదీ?" అని రెచ్చగొట్టింది నజీరా.

"గొంతుంటే చాలా? చూపుండొద్దా?" అందిగానీ ఎలీసమ్మ మనసు మాట మీద లేదు. మాట్లాడితే ఎడంచెయ్యి ఆగిపోతోంది. రెండూ ఒకేసారి చేయడం చాతకావడం లేదు. 

సాయంత్రం కాటా దగ్గర అందరి గంపలూ అయ్యాక తన గంప తెచ్చింది, చంకన పెట్టుకుని. బాలస్వామి ముల్లు చూసి, గంప చూసి, మళ్లీ ముల్లు చూశాడు.

"ఇదేంది అక్కా? చంటిపిల్ల కూడా ఇంతకంటే ఎక్కువ తూగుద్ది."

"కళ్లు మండుతున్నాయయ్యా. రేపు తీస్తా."

"నేనేం చేసేది? ఓనరు పేరు పేరునా లెక్కడుగుతున్నాడు."

ఎలీసమ్మ దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "తమ్ముడూ, ఇంకేదన్నా పని చూపించు. షెడ్డు ఊడుస్తా. నీళ్లు మోస్తా."

"ఊడిచేదానికి నా పెళ్లాం ఉండాది. నీళ్లకి మోటారు ఉండాది. లేని ఉజ్జోగాలు నేను యాడనుంచి తెచ్చేది?" అన్నాడు బాలస్వామి. తర్వాత ముఖం తిప్పుకుని, "రేపొక్కరోజు చూస్తా అక్కా. ఆ పైన నన్ననబాక," అన్నాడు.

ఇంటికొచ్చేటప్పుడు కొంగులో గుప్పెడు తొడిమకాయలు కట్టుకొచ్చింది. మొగుడికి గంజి పోసి, పొయ్యి ముందు కూర్చుని, తొడిమ తీసే మార్గం వెతికింది. కత్తెరతో కత్తిరించి చూసింది. టోపీ రాలేదు. తలుపు సందులో తొడిమ ఇరికించి లాగింది. కాయ నుజ్జయింది. కుడి బొటనవేలికి గుడ్డ చుట్టి చూపుడువేలికి కట్టింది, రెంటినీ దగ్గరికి లాగి. పట్టుకున్నట్టే పట్టుకుని వదిలేశాయి. "చచ్చినదానా, చచ్చినదానా," అని ఆ చేతిని ఎడంచేత్తో కొట్టింది. దెబ్బ కూడా సరిగ్గా తెలియలేదు.

చివరికి ఒక కాయని ఎడంచేత్తో పట్టుకుని, తొడిమ పంటి కింద పెట్టి లాగింది. టోపీతో సహా ఊడొచ్చింది, శుభ్రంగా.

ఇంకోటి లాగింది. అదీ వచ్చింది. "స్తోత్రం తండ్రీ," అనుకుంది. పెదవి అప్పటికే మండుతోంది.

*

మర్నాడు గోడవైపు తిరిగి కూర్చుంది. వెలుతురు కళ్లలో పడుతోందని సాకు చెప్పింది. మూతికి కట్టుకున్న పేలికని కాస్త వదులు చేసి, దాని కిందనుంచి కాయ నోటి దగ్గరికి తీసుకుపోవడం, లాగడం, తొడిమని నాలుకతో పేలికలోకే తోసెయ్యడం. వెనకనుంచి చూసేవాళ్లకి దగ్గు వస్తే మూతి తుడుచుకుంటున్నట్టు ఉంటుంది. ఆ షెడ్డులో కళ్లనీళ్లు కారని మనిషి లేదు కాబట్టి ఎలీసమ్మ కన్నీళ్లు ఎవరికీ వింతగా అనిపించలేదు.

మొదట పెదాలు మండాయి. తర్వాత చిగుళ్లు. మధ్యాహ్నానికి నాలుక మొద్దుబారి తన నోట్లో ఎవరిదో నాలుక ఉన్నట్టయింది. అన్నం ముద్ద నోట పెడితే ప్రాణం పోయినట్టయి గిన్నె మూసేసింది. మజ్జిగనీళ్లు రెండు గుక్కలు పుక్కిలించి మింగింది. అందులో తన నెత్తురు రుచి తెలిసింది. గంప మాత్రం నిండుతోంది. గంప నిండుతుంటే ఆ మంటలోనే ఒక వెర్రి సంతోషం. ఇట్లా ఎన్నాళ్లు? ఆ లెక్క తర్వాత. ఇవాళ గంప నిండాలి.

"ఏందక్కా, పొద్దుట్నుంచీ ఒక్క మాట లేదు? మా పద్మలోచని దెబ్బకి మీ పార్టీ జెండా దించేసిందా?" అంది నజీరా.

ఎలీసమ్మ చెయ్యి ఊపింది, పనిలో ఉన్నానన్నట్టు.

"అలిగావా? నేనేమన్నా డబ్బా పెట్టమన్నానా? నాకు మాత్రం బాగుందా ఇది? ఆ డబ్బాతో కీచులాడదామంటే అది నా మాట వినదు, దాని మాటే నేను వినాలి."  జవాబు రాకపోయేసరికి నజీరాకి రోషం వచ్చింది. "పోన్లే. మాట్లాడబాక. నాకేం?" అని గంప జరుపుకుని అటు తిరిగింది.

కాటా దగ్గర ముల్లు నిలబడింది. బాలస్వామి ముఖం విప్పారింది. "చూశావా? మనసు పెడితే ఎందుకు రాదు? ఇన్నాళ్లూ సినిమా కబుర్లతో చేతులకి బద్ధకం నేర్పావు," అన్నాడు. ఎలీసమ్మ పేలిక వెనక నుంచి తలాడించింది.

ఇంటి దగ్గర మరియదాసు మంచం మీంచి తల ఎత్తి, "మూతికేమైందే, అట్టా బొప్పి కట్టింది?" అన్నాడు.

"కందిరీగ," అందామె. ఆ ఒక్క ముక్క అనడానికి మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

*

మరుసటి రోజు గుల్షనే గొడవలు తగ్గాలని కుముదవల్లి సినిమా పెట్టింది. "ఇయ్యాల మీ పార్టీ వంతు, పెద్దమ్మా," అంది. అందరికీ తెలిసిన సినిమాయే. ప్రతి సీజన్లో ఎలీసమ్మ చేత కనీసం రెండుసార్లు చెప్పించుకుంటారు. అత్త మాట విని ప్రభాకరమూర్తి పెళ్లాన్ని అనుమానిస్తాడు. ఇంటి తాళాలు మోసే కోడలు దొంగ అవుతుంది. తెల్లారేలోపు వెళ్లిపొమ్మంటారు.

మాటలున్నంతసేపూ బాగానే సాగింది. అత్తని తిట్టారు. ప్రభాకరమూర్తిని ఇంకా ఎక్కువ తిట్టారు. ఆ పైన మాటలు ఆగిపోయాయి. డబ్బాలోంచి గల్లుమని చిన్న చప్పుడు. తర్వాత వయొలిన్ ఒక్కటే, పోతూనే ఉంది.

"ఛార్జింగ్ అయిపోయిందా?" అని గుల్షన్ డబ్బాని తట్టింది.

"లేదు, మోగుతానే ఉందిగా. మాటలేవీ?"

"ఇక్కడ మాటలుండవే. అమ్మాయి ఒక్కతే ఉంటది. ఎలీసమ్మక్క చెప్పేటప్పుడు ఎంతసేపు చెప్పేదో గుర్తులా?"

"ఆ గల్లుమంది ఏంది? గజ్జెలా?"

చేతులు ఒక్కొక్కటే నెమ్మదించాయి. ఒకళ్ల తర్వాత ఒకళ్లు గోడవైపు చూశారు. గోడ దగ్గర ఎలీసమ్మ వీపు మాత్రమే కనిపిస్తోంది. "చెప్పక్కా. ఏం చేస్తా ఉంది ఇప్పుడు?" అని ఎవరో అడిగారు. ఎలీసమ్మ తల అడ్డంగా ఊపింది. ఆమెకి ఏడుపొచ్చింది. నోట్లో నాలుక కదలదు. ఆ సీను కళ్ల ముందు కదులుతోంది, ప్రతి అడుగూ, ప్రతి చూపూ.

"ఆమె చెప్పదులే, అలిగింది. నేను చెబుతా," అంది నజీరా గట్టిగా. "ఏముంది? కుముదవల్లి సర్రున పోయి తాళాలగుత్తి అత్త మొహాన విసిరికొట్టుద్ది. గల్లుమంది అదే. కొట్టేసి, చేతులు దులుపుకొని పోద్ది."

ఎలీసమ్మ గిరుక్కున తిరిగింది.

విసిరికొట్టడమా? కుముదవల్లా? "ఊఁ! ఊఁ!" అని తల విదిలించింది. నోట్లోంచి మాట కాదు, మూలుగు వచ్చింది. ఇక కూర్చోలేకపోయింది. లేచింది. ఎదుటి గోడ దగ్గరికి నడిచింది, మునివేళ్ల మీద, ఇల్లంతా నిద్రపోతున్నట్టు. నడుము దగ్గర లేని తాళాలగుత్తిని, డబ్బాలో గల్లుమన్నది ఇదేనన్నట్టు ఎడంచేత్తో కదిపి ఊడదీసింది. ఒకసారి దాన్ని చెంపకి ఆనించుకుంది. గోడకి మేకు ఎక్కడుందో చీకట్లో తడిమింది. తగిలించింది. రెండడుగులు వెనక్కి వేసింది. సినిమాలో అప్పుడే గుత్తి మేకు మీంచి జారుతుంది. కింద పడి గల్లుమంటే ఇల్లు లేస్తుంది, లేస్తే తనని దొంగలాగా పట్టుకుంటారు. కుముదవల్లి ఒక్క ఉదుటున వెళ్లి గాల్లోనే కుడిచేత్తో దాన్ని పట్టేస్తుంది. పట్టి, గుండెకి అదుముకుని, అట్లాగే నిలబడిపోతుంది.

ఎలీసమ్మ కూడా ఒక్క ఉదుటున వెళ్లింది. కుడిచెయ్యి చాచింది. చేతిని గుండె దగ్గరికి తెచ్చుకుంది.

చెయ్యి మూసుకోలేదు. వేళ్లు విడివిడిగా, కొయ్యగా నిలబడి ఉన్నాయి. ఎంత బలం పెట్టినా అరచెయ్యి తెరుచుకునే ఉంది. ఆ ఉదుటుకి మూతి మీది పేలిక మెడ మీదికి జారిపోయింది.

 పెదాలు చిట్లి, వాచి, రెండు పుళ్లయిపోయి ఉన్నాయి. మెడ మీది పేలిక నిండా తొడిమలు.

"యా అల్లా," అంది నజీరా. గుల్షన్ డబ్బా ఆపేసింది.

గుమ్మంలో బాలస్వామి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. అతని చూపు ఎలీసమ్మ చేతి మీదనుంచి మూతి మీదికీ, మూతి మీదనుంచి గంప మీదికీ పోయింది.

"నోటితో తీశావా?" అన్నాడు. గొంతులో కోపం కంటే భయం ఎక్కువుంది. "అక్కా, ఎంత పని చేశావ్! ఇది తినే సరుకు. నిన్నటి గంప కూడా ఇట్టాగేనా? ఓనరుకి తెలిస్తే నన్ను నిలువునా పాతేస్తాడు. చెయ్యి పడిపోయిందని ముందే చెప్పొద్దూ?"

ఎలీసమ్మ చేతులు జోడించబోయింది. ఒక చెయ్యే సరిగ్గా లేచింది.

"దణ్ణాలొద్దు. ఇంటికి పో. రేపట్నుంచి రాబాక. ఆ గంప ఇటు తియ్యండి, బైట పారబొయ్యాలి," అని బాలస్వామి ముందుకొచ్చాడు.

నజీరా అతనికంటే ముందు లేచింది. తన గంప రెండు చేతులా ఎత్తి, ఎలీసమ్మ గంప మీద గుమ్మరించింది. కాయలు పొర్లి నేలంతా పరుచుకున్నాయి. వాటిని కాలితో కాదు, వంగి రెండు చేతులతో కలిపింది, పిండి కలిపినట్టు, అడుగువి పైకీ పైవి అడుక్కీ.

"ఏయ్ నజీరా! మతి పోయిందా?"

"ఇప్పుడు ఏరుకో మేస్త్రీ. పంటితో తీసినయ్యేవో, గోటితో తీసినయ్యేవో."

ఇంకొకామె లేచింది. ఆమె గంప పడింది. తర్వాత ఇంకోటి. కాయలు గలగలా జారుతున్నాయి. బాలస్వామి "ఆగండే, ఆగండే" అంటూనే ఉన్నాడు. చివరికి గుల్షన్ గంప ఒక్కటి మిగిలింది. అందరి గంపల్లోకీ పెద్దది, అంచుదాకా నిండినది. ఆ పిల్ల దాన్ని రెండు కాళ్ల మధ్య పెట్టుకుని, కావలించుకున్నట్టు పట్టుకుని కూర్చుంది. కళ్లు కుప్ప మీదే ఉన్నాయి. ఎవరూ ఆమెని పొయ్యమనలేదు. చాలాసేపటికి, "పిల్లలకి పలకలు కొనాలనుకున్నా," అని తనలో తను అనుకుని, లేచి, గంప వంచేసింది.

బాలస్వామి ఆ కుప్ప ముందు నిలబడ్డాడు. పారబోయాలంటే రోజు సరుకంతా పారబోయాలి. ఓనరుకి చెప్పాలంటే తన కళ్ల ముందు జరిగిందని చెప్పాలి. బయట లారీవాడు హారన్ కొడుతున్నాడు.

"రేపు ఇంకో ముఠాని తెచ్చుకుంటా. మీ అందర్నీ మానిపిస్తా," అన్నాడు.

"తెచ్చుకో. రేపటి సంగతి రేపు," అంది నజీరా. "ఇయ్యాల్టికి కాటా వెయ్యి. ఒకటే కాటా."

అతను తల పట్టుకుని అక్కడే కాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి, ఎవరివంకా చూడకుండా, "సంచులు పట్టుకు రండి," అన్నాడు.

నజీరా నీళ్ల చెంబు తెచ్చి ఎలీసమ్మ పక్కన చతికిలబడింది. కొంగు తడిపి ఆ పెదాల మీద అద్దింది. ఎలీసమ్మ మంటకి కళ్లు మూసుకుంది. కానీ ఊరుకోలేదు, ఎడంచేత్తో గాల్లో గుత్తి విసిరినట్టు చూపించి, తల అడ్డంగా ఊపి, నజీరావైపు వేలెత్తింది.

"విసరలేదని నాకు తెలీదా అక్కా?" అంది నజీరా.  "ఆ సీను కోసమే డేరా హాలుకి ముమ్మారు పోయా. మా పద్మలోచని అట్టాంటి సీను ఒక్కటీ చెయ్యలేదు. నిన్నట్నుంచీ నాతో ఒక్క మాట లేదు నీకు. తప్పు చెబితే తిడతావని, తిట్టడానికన్నా నోరు తెరుస్తావని అట్టా అన్నా."

 ఎలీసమ్మ ఎడంచెయ్యి ఎత్తి నజీరా భుజం మీద ఒక్కటి చరిచింది, గట్టిగానే. ఆ చెయ్యి అక్కడే ఉంచేసింది.